శ్యామశాస్త్రి

నల్లమలకును వెలిగొండలకును చేరువనున్న మెట్టసీమలో పొదిలి, కొనకనమిట్ల, మార్కాపురము, కంభము, గిద్దలూరు అను ఊళ్లు కలవు. వానలు తక్కువగా కురియు ప్రాంతమిది. మార్కాపురపు రాతిపలకమీద ఓనమాలు దిద్దినవారు తెలుగునాట ఎందరో కలరు. కంభము దగ్గర గుండ్లకమ్మకు అడ్డముగా, కొండల సందున, విజయనగర రాజుల కాలమున నిర్మించిన పెద్ద చెరువు నేటికిని నిలిచియున్నది. పలకలకును చెరువునకును పేరొందిన ఈ సీమకు దక్షిణదేశ సంగీతముతో గల సంబంధము మాత్రము అంతగా ప్రచారములోనికి రాలేదు. కర్ణాటక సంగీతమునకు త్రిమూర్తులని కీర్తింపబడు మువ్వురిలో ఇద్దరి పూర్వులు ఇచటివారు. త్యాగరాజు ఇంటిపేరు కాకర్ల. ఆ పేరుగల గ్రామము కంభమునకు చేరువనే అర్ధవీడు మండలములో నున్నది. మువ్వురిలోను వయసున పెద్దవాడైన శ్యామశాస్త్రి పూర్వులును కంభము నుండియే దక్షిణమునకు వలసపోయిరని సంగీత చరిత్రకారులు వ్రాసియున్నారు.

ఆ కుటుంబమువారు కంభము విడిచి కాంచీపురము చేరి, అచట బంగారు కామాక్షీదేవికి అర్చకులైరి. పేరునకు తగినట్లు ఆ విగ్రహము బంగారముతో చేయబడినది. వేదము, పూజావిధానము, సంస్కృతము - ఇవియే ఆ యింట తండ్రి కుమారునకు అందించు ఆస్తి. సంగీత విద్వాంసుడని పేరొందినవాడు ఆ వంశమున అంతకుముందు ఎవ్వడును లేడు.

విజయనగర సామ్రాజ్యము క్షీణించిన పిమ్మట దక్షిణదేశమున రాజ్యములు తారుమారయ్యెను. సేనలు వచ్చుచు పోవుచు నుండెను. బంగారు విగ్రహము శత్రువుల కంటబడినచో దక్కుట కల్ల. అందుచేత అర్చకులు దేవిని తీసికొని రహస్యముగా కంచి విడిచిరి. దేవి ముఖమునకు పునుగు పూసి నల్లగా చేసిరనియు, మసూచి సోకిన బిడ్డను కొనిపోవుచున్నట్లు పల్లకిలో గుడ్డ కప్పి మోయించిరనియు చెప్పుదురు. మసూచి యన్నచో ఆ కాలమున సైనికులును దగ్గరకు వచ్చుటకు జంకెడివారు. ఈ విధముగా ఆ కుటుంబమువారు ఉడయారుపాళ్యము మొదలైన తావులలో కొంతకాలము నిలుచుచు, అచటను భయము కలిగినపుడు మరల బయలుదేరుచు, తమ ఇల్లువాకిళ్లను విడిచిరే కాని దేవిని విడువలేదు. ఒక తరమువారు మోసిన బరువును మరియొక తరమువారు అందుకొనిరి. తుదకు కావేరీ తీరభూములలోని తిరువారూరు చేరి, ఆ క్షేత్రమున దేవిని నిలిపి పూజింపసాగిరి.

తిరువారూరులో 1762వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీన విశ్వనాథయ్య అను అర్చకునకు కుమారుడు జన్మించెను. తల్లిదండ్రులు ఆ బాలునకు వేంకటసుబ్రహ్మణ్యమని పేరిడి, ముద్దుగా శ్యామకృష్ణుడని పిలుచుకొనిరి. లోకమున ఈ ముద్దుపేరే స్థిరపడెను. తరువాతి కాలమున ఆయన తన కృతులలో శ్యామకృష్ణ అను ముద్రనే ఉంచెను. సంప్రదాయము ప్రకారము, అదే యూరిలో 1767లో త్యాగరాజును, 1775లో ముత్తుస్వామి దీక్షితులును జన్మించిరి. పదుమూడేండ్ల వ్యవధిలో ఒకే యూర ఇట్టి మువ్వురు పుట్టుట సంగీతచరిత్రలో మిక్కిలి అరుదైన విషయము.

శ్యామకృష్ణుడు తండ్రివద్ద సంస్కృతమును, తెలుగును నేర్చుకొనెను. చక్కని కంఠమని గ్రహించి మేనమామ సంగీతమున తొలిపాఠములు చెప్పెను. ఒకనాడు ఇంట జరిగిన పూజాసమయమున బాలుడు పాడగా, తండ్రి మిత్రుడొకడు ముచ్చటపడి విలువైన శాలువను బహూకరించెననియు, అది చూచి మేనమామకు అసూయ కలిగి, పాఠములు చెప్పుట మానివేసెననియు చెప్పుదురు. తండ్రికి సంగీతముమీద ఆసక్తి లేదు; కుమారుడు మంచి అర్చకుడైన చాలునని ఆయన తలంపు. గురువు లేకపోవుటచే బాలుని విద్య ఆరంభముననే ఆగిపోయెను.

ఇంతలో దేశమున మరల అలజడి పుట్టెను. 1781లో మైసూరు ప్రభువైన హైదరాలీ సేనలు తంజావూరు సీమపై పడెను. పల్లెలలో నిలుచుట ప్రమాదకరమని తలచి విశ్వనాథయ్య దేవితోను కుటుంబముతోను తంజావూరు కోటకు చేరెను. అపుడు తంజావూరును మహారాష్ట్ర రాజైన రెండవ తుళజాజీ పాలించుచుండెను. రాజు ఆ అర్చకుల నాదరించి, దేవికి పశ్చిమ రాజవీథిలో ఆలయము ఏర్పరచి, వారి పోషణకు భూములొసగెను. కంచిలో బయలుదేరిన బంగారు కామాక్షి ప్రయాణము ఇచ్చట ముగిసెను. ఆ యాలయము నేటికిని తంజావూరున నున్నది. అప్పటికి శ్యామశాస్త్రి పందొమ్మిదేండ్ల యువకుడు.

తంజావూరు వచ్చుటచే ఆయన విద్యకు మార్గము తెరువబడెను. సంగీతస్వామి అను ఆంధ్ర సన్న్యాసి కాశినుండి వచ్చి చాతుర్మాస్యమునకై ఆ నగరమున విడిసెను. ఆయన సంగీతమునందును నాట్యమునందును పండితుడు. విశ్వనాథయ్య ఆయనను భిక్షకు ఆహ్వానించెను. ఆ సమయమున యువకుని గానము విని, అందలి ప్రతిభను గుర్తించి, స్వామి తానే గురువగుటకు అంగీకరించెను. మూడేండ్లకాలము రాగముల స్వరూపమును, తాళముల ప్రస్తారమును బోధించి, తనకడ నున్న అపురూపమైన సంగీత గ్రంథములను శిష్యునకొసగెను. తిరిగి కాశికి పోవునపుడు, శాస్త్రము పూర్తియైనదనియు, ఇక మంచి గానమును వినవలసియున్నదనియు చెప్పి, ఆస్థాన విద్వాంసుడైన పచ్చిమిరియం ఆదియప్పయ్య స్నేహమును సంపాదించుకొనుమని ఆదేశించెను. ఆయనవద్ద నేర్వవలదు, ఆయన పాడగా వినిన చాలునని స్వామి చెప్పెనట.

ఆదియప్పయ్య సామాన్యుడు కాడు. భైరవి రాగమున ఆయన రచించిన అటతాళవర్ణము ఈనాటికిని విద్వాంసులు పాడుచునే యున్నారు. శ్యామశాస్త్రి గురువు మాటను శిరసావహించి ఆయన గానమును శ్రద్ధతో వినుచు రాగము పాడు తీరును మనసున నిలుపుకొనెను. ఆ పండితుడును యువకుని యోగ్యతను గుర్తించి, వయసున చిన్నవాడైనను గౌరవించుచుండెను. తరువాతి కాలమున శ్యామశాస్త్రి భైరవి రాగమున ఒక గొప్ప స్వరజతిని రచించుట ఈ సాంగత్యమును స్మరింపజేయుచున్నది.

తండ్రి తరువాత శ్యామశాస్త్రి ఆలయపూజను స్వీకరించెను. రాజులొసగిన భూములుండుటచే కుటుంబమునకు లోటు లేదు. అందుచేత ఆయన సభలవెంట తిరుగలేదు; ధనవంతుల ఇండ్ల వాకిట నిలువలేదు; శిష్యులను గుంపులుగా చేర్చుకొనలేదు. ఆయన ఆకారము గంభీరమైనది. జరీయంచు పంచె, చెవులకు కుండలములు, నుదుట విభూతి ధరించి వీథిలో నడచుచుండగా ప్రజలు ప్రక్కకు తొలగి నమస్కరించెడివారట. ఆలయమున దేవి సన్నిధిలో కూర్చున్నపుడు ఆయనకు పాట పుట్టెడిది. ఆయన కృతులలో ఎక్కువభాగము బిడ్డ తల్లితో చెప్పుకొను మొరవలె నుండును. ఆ తల్లిని తన పూర్వులు పసిబిడ్డవలె మోసికొని వచ్చిరి. ఆయన తానే బిడ్డయై ఆమెను వేడుకొనెను.

ఇట్లు సభలకు దూరముగా నున్న ఆ అర్చకుడు ఒక సందర్భమున మాత్రము సభ నెక్కవలసి వచ్చెను. బొబ్బిలి కేశవయ్య అను ఆంధ్ర విద్వాంసుడు పలు సంస్థానములలో జయము పొంది, భూలోకమును చాపవలె చుట్టగలవాడను అర్థమిచ్చు బిరుదు ధరించి, తంజావూరు వచ్చెను. తాళములలో ఆయనకు సాటి లేదని ప్రసిద్ధి. ఆస్థాన విద్వాంసులు ఆయన నెదుర్కొనుటకు వెనుకాడిరి. ఓడినచో ఒక్క విద్వాంసుని కీర్తియే కాదు, తరతరములుగా సంగీతమునకు నిలయమైన తంజావూరు గౌరవమే పోవును. వారందరును కలసి శ్యామశాస్త్రి ఇంటికి వచ్చి, నగరము పరువు కాపాడుమని వేడుకొనిరి.

శ్యామశాస్త్రి అంగీకరించెను. కాని విజయము తనదేయని గర్వింపలేదు. ఆలయమునకు పోయి, దేవి సన్నిధిని నిలిచి, తన్ను రక్షించుటకు ఇదియే సమయమని చింతామణి రాగమున పాడి ప్రార్థించెను. నాటి ఆ కృతి నేటికిని గాయకుల కంఠముల నున్నది. మరునాడు సభ కూడెను. కేశవయ్య సింహనందన తాళమున పాడెను. మనము తరచుగా వినెడి ఆదితాళమునకు ఒక ఆవర్తమున 8 అక్షరములు, సింహనందనమునకు 128. అంత దీర్ఘమైన లెక్కను తప్పక, రాగమును విడువక పాడుట మహావిద్వాంసులకే సాధ్యము. శ్యామశాస్త్రి ఆ తాళమున తానును పాడి బదులిచ్చెను. పిమ్మట శరభనందనమను తాళమున పాడెను. దాని ఆవర్తము 79 అక్షరములు. ఆ సంఖ్య సమభాగములుగా తెగదు గనుక, దాని నడక పట్టుకొనుట మిక్కిలి కష్టము. కేశవయ్య ఆ తాళమున బదులు పాడలేక ఓటమి నంగీకరించెను. పురాణములలో సింహమును మించిన మృగము శరభము. తాళముల పేర్లలోని ఈ పోలికను చెప్పుకొని తంజావూరు రసికులు ఎంతయో సంతసించిరట. ఈ జయమునకు పిమ్మటను శ్యామశాస్త్రి జీవితము మారలేదు. ఆయన మరల తన ఆలయమునకే పోయెను.

మధురలోని మీనాక్షీదేవిని దర్శించి, ఆమెపై నవరత్నమాలిక యను పేర తొమ్మిది కృతులను సంకల్పించి పాడుట ఆయన జీవితములో మరియొక ముఖ్య సంఘటన. అందు ఏడు మాత్రమే నేడు తెలియవచ్చుచున్నవి. ఆహిరి, ధన్యాసి, లలిత, ఆనందభైరవి మొదలైన రాగములలో నున్న ఆ కృతులు ఆయన రచనలలో శ్రేష్ఠమైనవిగా ఎన్నబడుచున్నవి. ఆనందభైరవి ఆయనకు ప్రాణసమానమైన రాగము.

శ్యామశాస్త్రి సంగీతమునకు చేసిన సేవలలో స్వరజతిని తీర్చిదిద్దుట ముఖ్యమైనది. అంతకుముందు స్వరజతి నాట్యమునకు ఉపయోగపడు రచన. అందు స్వరములతోపాటు తకధిమి వంటి జతులును ఉండెడివి. ఆయన జతులను తొలగించి, స్వరములకు సరిపోవు సాహిత్యమును కూర్చి, సభలో కూర్చుండి పాడదగిన గంభీరమైన రచనగా దానిని మార్చెను. భైరవి, తోడి, యదుకులకాంభోజి రాగములలోని మూడు స్వరజతులు రత్నత్రయమని ప్రసిద్ధి పొందెను. భైరవి స్వరజతిలో ఎనిమిది చరణములు కలవు. మొదటి చరణము షడ్జముతోను, రెండవది రిషభముతోను మొదలై, ఒక్కొక్క చరణమునకు ఒక్కొక్క స్వరము పైకి పోవుచు, ఎనిమిదవది తారస్థాయి షడ్జముతో మొదలగును. ఒక్కొక్క మెట్టే ఎక్కి గోపురమును చేరినట్లు, వినువారికి రాగస్వరూపము క్రమముగా విశదమగును.

తాళమునందును ఆయన మార్గము ప్రత్యేకమైనది. మిశ్రచాపు తాళమున ఏడు అక్షరములను మూడు, నాలుగుగా విభజించుట పరిపాటి. ఆయన కొన్ని కృతులలో ఆ క్రమమును త్రిప్పి, నాలుగు, మూడుగా నడపెను. దీనిని విలోమచాపు అందురు. ఇంత క్లిష్టమైన లెక్క లోపల నున్నను, వినువారికి లెక్క వినబడదు, ఆర్ద్రతయే వినబడును. పెద్దలు త్యాగరాజు రచనలను ద్రాక్షతోను, దీక్షితుల రచనలను నారికేళముతోను, శ్యామశాస్త్రి రచనలను కదళీఫలముతోను పోల్చిరి. ద్రాక్ష నోటనిడినంతనే రుచించును. కొబ్బరికాయను పగులగొట్టవలెను. అరటిపండునకు తొక్క తీసెడి కొలది శ్రమ చాలును.

ఆయన తమిళదేశమున పుట్టి, తమిళదేశముననే జీవించెను. సంస్కృతమునను, తమిళమునను కొన్ని రచనలు చేసెను. కాని కృతులలో పెక్కింటిని తెలుగుననే రచించెను. దీనికి కారణము లేకపోలేదు. తంజావూరును 1532 మొదలు 1673 వరకు పాలించిన నాయకరాజులు తెలుగువారు. వారి కొలువున తెలుగు కావ్యములును, యక్షగానములును వర్ధిల్లెను. తరువాత వచ్చిన మహారాష్ట్ర ప్రభువులును తెలుగు నాదరించిరి. పదములు అచ్చులతో ముగియుటచే పాట సాగుటకు తెలుగు మిక్కిలి అనుకూలమైనది. ఈ విధముగా కంభము నుండి వెడలిన కుటుంబపు బిడ్డ కావేరీ తీరమున కూర్చుండి తెలుగున తల్లిని పిలిచెను.

ఆ కాలము మార్పుల కాలము. 1799లో తంజావూరు రాజ్యపాలన ఇంగ్లీషు కంపెనీ వశమయ్యెను. రాజునకు కోటయు, మర్యాదలును మాత్రము మిగిలెను. పాశ్చాత్యులతోపాటు వారి వాద్యమైన ఫిడేలును మన దేశమునకు వచ్చెను. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు చెన్నపట్టణమున ఒక యూరోపియనువద్ద దానిని నేర్చి, మన రాగములకు అనువుగా మలచెను. నేడు ఫిడేలు లేని కర్ణాటక సంగీతసభ అరుదు. యూరోపులో అదే కాలమున ఫిడేలు విద్వాంసులును, వాగ్గేయకారులును తమ రచనలను కాగితముపై స్వరములతో వ్రాసి ముద్రింపించుచుండిరి. జర్మనీ దేశమున పుట్టిన బేతోవెన్ శ్యామశాస్త్రికి సమకాలికుడు. ఇద్దరును 1827లోనే కొలదివారముల తేడాతో మరణించిరి. బేతోవెన్ రచనలు వ్రాతలో నిలిచెను. మన దేశమున పాట గురువు నోటినుండి శిష్యుని చెవికి పోవలసినదే. శ్యామశాస్త్రి 300 కృతులవరకు రచించెనని చెప్పుదురు; నేడు లభించునవి సుమారు 70 మాత్రమే. త్యాగరాజుకు శిష్యులు పెక్కుమంది యుండుటచే ఆయన కృతులు దేశమంతటను వ్యాపించెను. శ్యామశాస్త్రికి అలసూరు కృష్ణయ్య మొదలైన కొలదిమందియే శిష్యులు. పైగా ఆయన రచనలలోని తాళగతులు సామాన్య గాయకులకు లొంగవు. ఈ రెండు కారణములచే ఆయన కృతులు కొన్ని కంఠములలోనే నిలిచిపోయెను.

ఆ లోటును కొంతవరకు తీర్చినవాడు ఆయన రెండవ కుమారుడు సుబ్బరాయశాస్త్రి. ఆయన 1803లో జన్మించెను. తంజావూరునకు తిరువైయారు చేరువ. అచట నున్న త్యాగరాజును శ్యామశాస్త్రి అపుడపుడు కలసికొని, ఇద్దరును తమ నూతన కృతులను ఒకరికొకరు వినిపించుకొనెడివారట. తాను మహావిద్వాంసుడై యుండియు, శ్యామశాస్త్రి తన కుమారుని విద్యకై త్యాగరాజువద్దకు పంపెను. సుబ్బరాయశాస్త్రి ముత్తుస్వామి దీక్షితులవద్దను కొంత నేర్చుకొనెను. త్రిమూర్తులు మువ్వురివద్దను విద్య నేర్చిన భాగ్యము ఆయనకు లభించెను. ఇతరుల గొప్పతనమును గుర్తించి, తన బిడ్డను వారి పాదములచెంత కూర్చుండబెట్టిన తండ్రి ఔదార్యము ఇందు కనబడుచున్నది.

1827వ సంవత్సరమున శ్యామశాస్త్రి భార్య గతించెను. ఆమె పోయిన కొలది దినములకే, ఫిబ్రవరి 6వ తేదీన, ఆయనయు తంజావూరున తనువు చాలించెను. అప్పటికి ఆయన వయస్సు అరువదినాలుగు సంవత్సరములు. పెద్దకుమారుడు పంజుశాస్త్రి ఆలయపూజను, సుబ్బరాయశాస్త్రి సంగీతమును నిలిపిరి. పంజుశాస్త్రి కుమారుడును, సుబ్బరాయశాస్త్రికి దత్తుడునైన అన్నాస్వామిశాస్త్రి ఆ సంగీతమును తరువాతి తరమునకు అందించెను. 1904లో ఎట్టయపురమున తెలుగు లిపిలో ముద్రింపబడిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని అను గొప్ప గ్రంథమున సుబ్బరామ దీక్షితులు శ్యామశాస్త్రి కృతులు కొన్నింటిని స్వరములతో ప్రకటించెను. 1985లో భారత ప్రభుత్వము శ్యామశాస్త్రి స్మారకముగా తపాలాబిళ్లను వెలువరించెను.

శ్యామశాస్త్రి రాజులను పొగడి పాడలేదు; కీర్తికై ప్రాకులాడలేదు; లెక్కకు ఎక్కువ రచనలును మిగుల్చలేదు. తన పూర్వులు ప్రాణములకు తెగించి కాపాడిన దేవతను సేవించుచు, తాను నేర్చిన విద్యను సంపూర్ణముగా ఆ సేవయందే ఉంచెను. ఊరి గౌరవమునకు ఆపద వచ్చినపుడు ముందునకు వచ్చి, అది తీరినంతనే వెనుకకు మరలెను. పోయిన పాటలు తిరిగి రావు. నిలిచిన వానిని శ్రద్ధతో నేర్చి, తప్పులేక పాడి, రాబోవువారికి అప్పగించుట మన విధి. ఆయన వంశమువారు మూడు తరములు చేసినది ఆ పనియే.